రోడ్ నది ఒడ్డున కిక్కిస

2023 సెప్టెంబరులో మా అబ్బాయి కుటుంబాన్ని చూచి రావడానికి అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం వెళ్ళాము. అక్కడి మేడలను గురించి చాలామంది వ్రాశారు గనుక మేము ఒక బురదనేలను గురించి వ్రాస్తాము.

అనాపొలిస్ పట్టణానికి దక్షిణాన, చెసపీక్ అఖాతంలో కలిసే రోడ్ నది ఒడ్డున స్మిత్సోనియన్ సంస్థవారి పరిశోధనా కేంద్రమున్నది. దాని పక్కనే పోటుకు ఉప్పునీరెక్కి, పాటుకు తీసే పర్ర భూమి. అందులో 1987 నుండి, పైకప్పు లేని ప్లాస్టిక్ గదులవంటివి నిలిపి, బొగ్గుపులుసు వాయువు పెరిగితే మొక్కలు ఏమవుతాయో చూస్తున్నారు.

అక్కడ కాలి క్రిందిది మన పొలాల మట్టివంటిది కాదు. తుంగ, గడ్డి చచ్చి, నీటి క్రింద గాలి తగలక సరిగా కుళ్ళక, వేల ఏళ్ళుగా పొరమీద పొర పేరుకొన్నది. ఆకులు గాలినుండి తీసికొన్న కర్బనం కొంత అందులో దాగి ఉన్నది.

ఒడ్డు వెంబడి మా తలలకు రెండింతల ఎత్తున, ఊదారంగు వెన్నులతో ఒక రెల్లు ఊగుతున్నది. చూడగానే కొల్లేటి కిక్కిస అనుకున్నాము. నిజంగానే దానికి దగ్గర చుట్టమట! ఇది ఐరోపానుండి వచ్చిన రకం. అమెరికాకు సొంత రెల్లు ఉన్నా, రెండూ చూపుకు ఒకటే గనుక, వేరని జన్యు పరీక్షతో 2002లో గాని రూఢి కాలేదు. అప్పటికే ఇది ఎన్నో తీరాల్లో స్థానిక మొక్కలను త్రోసివేసింది.

ఇంత పచ్చగా పెరిగితే కర్బనం ఇంకా ఎక్కువ దాగుతుంది గదా, దీనిలో తప్పేమిటని మేమూ అడిగాము. కొంతవరకు నిజమే. రాలిన ఆకు, కాడలతో నేల త్వరగా ఎత్తవుతుంది. సముద్రం పైకి వస్తున్న ఈ రోజుల్లో అది చిన్న మేలు కాదు. చిక్కంతా క్రింద ఉన్నది. స్థానిక తుంగ వేళ్ళు చాలావరకు పైపొరలోనే ఉండగా, దీని వేళ్ళు మనిషి నిలువు కంటె లోతుకు దిగుతాయి. బోలు కాడల గుండా గాలిని అక్కడికి మోస్తాయి, తీపి రసాలు విడుస్తాయి. పెంటకుప్పను తిరగవేస్తే ఎంత త్వరగా మాగుతుందో రైతులకు తెలుసు. అలాగే, కదలక పడి ఉన్న పాత కర్బనాన్ని సూక్ష్మజీవులు తినసాగుతాయి. అది మరల గాలిలో కలుస్తుంది. ఆ కేంద్రంవారితో కలిసి పనిచేసినవారు 2017లో ఈ సంగతి ప్రకటించారు. మీథేన్ వాయువు కూడ ఈ రెల్లున్న చోట ఎక్కువ వెలువడుతున్నదని 2013లోనే తేల్చారు. నూరేళ్ళ లెక్కన అది బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది.

పీకివేయరాదా అంటే, తెగిన దుంపముక్క చాలునట, మళ్ళీ మొలవడానికి. అందుకే చాలాచోట్ల కలుపుమందు కొడతారు, అదీ ఏటేటా. ఉప్పునేలమీద మందు కొట్టడం మాకు నచ్చలేదు. వేరే ఉపాయం మాకూ తోచలేదు.

తిరుగుదారిలో మాలో ఒకరు ఇంట్లో అలంకారానికని ఒక వెన్ను తుంచబోతే, కోడలు చెయ్యి పట్టుకొన్నది. “వద్దత్తయ్యా, కారులో మన వీధి కాలువదాకా గింజలు రాలుతాయి” అన్నది. చీరకంటిన నూగు దులుపుకొని కారెక్కాము.