పది సెకన్ల కారు.. పది నిమిషాల రోడ్డు

సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి మైత్రీవనం పక్కన నిలబడి చూడండి. మీకు కనిపించేది రోడ్డు కాదు, పార్కింగ్! ఆటో వెనక ఆటో, దాని పక్కన ఆర్టీసీ బస్సు, ఆ రెండిటి మధ్యలోంచి దూరిపోవాలని చూసే స్కూటీ. హారన్లు తప్ప ఏదీ ముందుకు కదలదు. ఇలాంటి చోట నిలబడి ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ కార్ల గురించి మాట్లాడతానంటే నవ్వొస్తుంది కదా! కానీ ఆ కార్లతో నాకు పరిచయం అయింది ఇక్కడే.

2015లో కోర్సు నేర్చుకుందామని వచ్చి ఇక్కడి హాస్టల్లో పడ్డాను. గదికి నలుగురం. పొద్దున జావా, మధ్యాహ్నం ఒరాకిల్, రాత్రి మెస్‌లో నీళ్ల సాంబారు. ఆ ఏడాది ఏప్రిల్లో ‘ఫ్యూరియస్ 7’ వచ్చింది. తెలుగు డబ్బింగ్‌లో చూసొచ్చిన మర్నాడే మా రూమ్మేట్ ల్యాప్‌టాప్ వాల్‌పేపర్ మారిపోయింది. అప్పటిదాకా పవన్ కల్యాణ్ ఉన్న చోట నారింజ రంగు టొయోటా సుప్రా వచ్చి కూర్చుంది. ఆ వారమంతా గదిలో జావా మాట లేదు. మొదటి పార్టు నుంచి అన్నీ డౌన్‌లోడ్ చేసుకుని చూడటమే పని.

మొన్న ఆ దారిలో మళ్లీ నడిచాను. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వరకు. మెట్రోలో ఒక్క స్టేషన్, నడిస్తే కిలోమీటరు పైచిలుకు. ఆ సినిమాల్లో రేసుకి కొలత పావు మైలు, అంటే 402 మీటర్లు. ఆ లెక్కన ఇది దాదాపు మూడు పావు మైళ్ల దారి. రండి, ఒక్కో పావు మైలూ నడుస్తూ ఆ కార్లని గుర్తు చేసుకుందాం.

మొదటి పావు మైలు: తుక్కులోంచి లేచిన సుప్రా

ఈ కథకి మూలం హాలీవుడ్‌లో పుట్టలేదు. న్యూయార్క్ వీధుల్లో రాత్రిళ్లు రేసులాడే కుర్రాళ్ల గురించి 1998లో ‘వైబ్’ అనే పత్రికలో వచ్చిన కథనం అది. రాసింది కెన్ లీ. దాన్ని లాస్ ఏంజెలిస్‌కి మార్చి 2001లో మొదటి సినిమా తీశారు. రేసర్ల ముఠాలోకి మారువేషంలో దూరే పోలీసు బ్రయన్‌గా పాల్ వాకర్, ఆ ముఠా నాయకుడు డామ్‌గా విన్ డీజిల్.

బ్రయన్ మొదటి కారు ఆకుపచ్చ మిత్సుబిషి ఎక్లిప్స్. రేసులో నైట్రస్ మీట నొక్కి నొక్కి ఇంజిన్ పాడుచేసుకుంటాడు. నైట్రస్ అంటే మంత్రం కాదు. నైట్రస్ ఆక్సైడ్ వాయువు ఇంజిన్ వేడికి విడిపోయి అదనంగా ఆక్సిజన్ ఇస్తుంది. దాంతో ఎక్కువ ఇంధనం మండుతుంది, కాసేపు ఎక్కువ బలం వస్తుంది. ఇంజిన్ తట్టుకుంటే సరే, లేకపోతే అంతే సంగతులు. ఆ ఎక్లిప్స్‌ని తర్వాత వేరే ముఠావాళ్లు పేల్చేస్తారు. డామ్‌కి పది సెకన్ల కారు బాకీ పడతాడు బ్రయన్.

పది సెకన్ల కారు అంటే, ఆగి ఉన్న చోటు నుంచి పావు మైలుని పది సెకన్లలో దాటేది. సగటున గంటకు 145 కిలోమీటర్లు! నేను ఆ రోజు ఫోన్‌లో టైమ్ చూసుకున్నాను. నా పక్కనే ఉన్న సిటీ బస్సు అదే దూరం వెళ్లడానికి పది నిమిషాలు తీసుకుంది. దాన్ని నేను నడిచే దాటేశాను.

బాకీ తీర్చడానికి బ్రయన్ తెచ్చింది కొత్త కారు కాదు, తుక్కులో పడేసిన 1994 సుప్రా. డామ్ గ్యారేజీలో అందరూ కలిసి దాన్ని విప్పి, బిగించి, రంగేసి నిలబెడతారు. తర్వాత అది రోడ్డు మీద ఫెరారీని ఓడిస్తుంది. షూటింగ్‌లో వాడిన ఆ సుప్రాని 2021లో అమెరికాలో వేలం వేస్తే 5,50,000 డాలర్లు పలికింది. మన లెక్కలో సుమారు 4 కోట్లు.

మా గదిలో అందరికీ ఆ కారే ఎందుకు నచ్చిందో అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడవుతోంది. అమీర్‌పేట కూడా అలాంటి గ్యారేజీయే. బ్యాక్‌లాగులు మోసుకుంటూ, ఇంగ్లిష్‌కి భయపడుతూ, క్యాంపస్ సెలక్షన్లలో మిగిలిపోయి వచ్చినవాళ్లమే అందరం. గోడల నిండా కోర్సుల ఫ్లెక్సీలు, మెట్ల మీద జిరాక్స్ మెటీరియల్, డెమో క్లాసుకి నిలబడే జనం. మూడు నెలల్లో మమ్మల్ని విప్పి, బిగించి, ఇంటర్వ్యూకి తోసేవాళ్లు. తుక్కులోంచి లేచిన కారు మాకు సొంత కథలా అనిపించడంలో వింత లేదు.

చేత్తో కట్టిన కార్లు చూడాలంటే లాస్ ఏంజెలిస్ దాకా పోనక్కర్లేదు. మన పాతబస్తీ వైపు బహదూర్‌పురలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. కె.సుధాకర్ తయారు చేసిన బర్గర్ కారు, క్రికెట్ బంతి కారు, హైహీల్ చెప్పు కారు, వంకాయ కారు అక్కడ కనిపిస్తాయి. బొమ్మలు కావు, నడిచే బండ్లు. ఆయన కట్టిన భారీ మూడు చక్రాల సైకిల్ 2005లో గిన్నిస్‌కి ఎక్కింది.

రెండో పావు మైలు: నడపడానికి భయపడ్డ కారు

పంజాగుట్ట వైపు నడుస్తుంటే తలమీద మెట్రో దూసుకెళ్తుంది. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా ఈ లైన్ మొదలైంది 2018 సెప్టెంబర్ 24న. మేమున్నప్పుడు ఇక్కడ పిల్లర్లు లేస్తూ ఉండేవి. సగం రోడ్డు బారికేడ్లకే పోయేది.

ఈ సిరీస్‌లో సుప్రా తర్వాత ఎవరిష్టం వారిది. 2003 నాటి రెండో సినిమాలో వెండి రంగు మీద నీలం చారల నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్. 2006 ‘టోక్యో డ్రిఫ్ట్’లో హాన్ నడిపే నారింజ, నలుపు మాజ్డా ఆర్ఎక్స్-7. ఈ రెండు జపాన్ కార్లకీ స్టీరింగ్ మనలాగే కుడివైపు. ఆ డ్రిఫ్టింగ్ నేర్పిన నిజ జీవితపు గురువు కెయిచి త్సుచియా కూడా సినిమాలో చేపలు పట్టేవాడిగా ఓ క్షణం కనిపిస్తాడు. 2011లో వచ్చిన ఐదో సినిమాలో పోలీస్ స్టేషన్‌లోని ఖజానానే ఊడబెరికి రియో వీధుల్లో ఈడ్చుకెళ్లే రెండు డాడ్జ్ చార్జర్లు. ‘ఫ్యూరియస్ 7’లో అబుదాబి ఎతిహాద్ టవర్స్‌లో ఒక భవనం నుంచి ఇంకో భవనంలోకి దూకే ఎర్ర లైకాన్ హైపర్‌స్పోర్ట్.

కానీ వీటన్నిటికీ పెద్దన్న మొదటి సినిమాలోని నల్ల డాడ్జ్ చార్జర్, 1970 మోడల్. డామ్ తండ్రితో కలిసి కట్టిన కారు. తండ్రి రేసులో కారు తగలబడి చనిపోతాడు. ఆ చార్జర్‌ని చూస్తే భయమని, ఎప్పుడూ నడపలేదని డామ్ తనే చెప్తాడు. అంత కండలు తిరిగిన మనిషి భయం ఒప్పుకునే చోటు అదొక్కటే. చివర్లో దాన్ని బయటికి తీస్తాడు. రైలు ముందునుంచి వెంట్రుకవాసిలో తప్పించుకుంటాడు. వెంటనే లారీ తగిలి కారు పల్టీలు కొడుతుంది. మేం రైలు సీన్‌కి ఈలలు వేశాం. భయం గురించి చెప్పిన సీన్‌ని ఫార్వర్డ్ చేశాం.

ఇక మా సంగతి. అదే ఏడాది ఓ రాత్రి రూమ్మేట్ వాళ్ల బాబాయి కొడుకు ఊరి నుంచి స్విఫ్ట్ వేసుకొచ్చాడు. రాత్రి ఒంటిగంట. కింద రోడ్డంతా బారికేడ్లు. ఖాళీగా దొరికింది పంజాగుట్ట ఫ్లైఓవర్ ఒక్కటే. వాడు నడుపుతున్నాడు, రూమ్మేట్ ముందు సీట్లో ఫోన్ స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు, నేను వెనక కూర్చుని ముల్లు చూస్తున్నాను. తొంభై. వంద. వందా ఐదు. “ఇంకొంచెం తొక్కు బే!” అన్నది నేనే.

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు అవతలి దిగువ కనపడదు. కనపడేసరికి ఎదురుగా సైకిల్. వెనక క్యారియర్‌కి ఛాయ్ డబ్బా కట్టుకుని, ప్లాస్టిక్ కప్పులు వేలాడేసుకుని రాత్రిళ్లు తిరిగే ఛాయ్ పెద్దాయన. గంటకు వంద కిలోమీటర్లంటే సెకనుకి 28 మీటర్లు. మెదడు చూసి, కాలు బ్రేకు మీద పడేలోపే ఆ 28 మీటర్లు పోతాయి. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. ఈ లెక్కలు నాకు ఇంటర్లోనే చెప్పారు. ఆ రాత్రి ఒక్కటీ గుర్తు రాలేదు.

కారు పక్కకి జారి గోడకి చెంపంతా గీసుకుంటూ ఆగింది. సైకిల్‌కీ మాకూ మధ్య ఓ మూర దూరం ఉందేమో. పెద్దాయన పక్కకి ఒరిగిన సైకిల్ నిలబెట్టుకున్నాడు. కప్పులు రోడ్డు మీద దొర్లుతున్నాయి. తిట్టలేదు. కిటికీ దగ్గరికొచ్చి మా మొహాలు చూసి అన్నాడు:

“మీ ఇంట్ల ఎదురుచూసేటోళ్లు లేరేమో బిడ్డా.. మా ఇంట్ల ఉన్నరు.”

మేం దిగి కప్పులు ఏరిచ్చాం. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

మూడో పావు మైలు: సినిమా ఆగిపోయిన చోట

మరుసటి ఏడాది, 2016 జులై 1న, ఇదే పంజాగుట్ట దగ్గర తాగి ఉన్న కాలేజీ కుర్రాళ్ల కారు డివైడర్ దాటి ఎగిరి ఒక కుటుంబం వెళ్తున్న కారు మీద పడింది. బడి నుంచి ఇంటికి వెళ్తున్న చిన్న పిల్లతో సహా ఆ ఇంట్లో ముగ్గురు పోయారు. నగరమంతా రగిలిపోయింది. హాస్టల్ టీవీలో వార్త చూస్తూ మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. మేం తాగలేదు, నిజమే. కానీ వాళ్లకీ మాకూ తేడా ఓ మూర దూరమే. ఆ మూర మా తెలివి కాదు, మా అదృష్టం.

ఆ సినిమాల మనిషినీ వేగమే తీసుకుపోయింది. పాల్ వాకర్ చనిపోయింది 2013 నవంబర్ 30న, కాలిఫోర్నియాలో, స్నేహితుడు నడుపుతున్న పోర్షే కారెరా జీటీలో. ఆ రోడ్డు మీద పరిమితి గంటకు 72 కిలోమీటర్లు. కారు వెళ్లింది 130 నుంచి 150 మధ్య అని దర్యాప్తు తేల్చింది. టైర్ల వయసు తొమ్మిదేళ్లు. అప్పటికి ‘ఫ్యూరియస్ 7’ షూటింగ్ పూర్తి కాలేదు. అతని తమ్ముళ్లిద్దరిని నిలబెట్టి, గ్రాఫిక్స్ కలిపి పూర్తి చేశారు. చివర్లో తెల్ల సుప్రా వేరే దారిలోకి మళ్లిపోతుంటే హాల్లో ఏడ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని.

సినిమాలో దూకిన లైకాన్ సంగతి తెలుసా? అసలు కార్లు కంపెనీ చేసినవి ఏడే. ఒక్కోటి 34 లక్షల డాలర్లు. వాటిని ఎవరు గుద్దిస్తారు! స్టంట్ల కోసం అచ్చం అలాగే కనిపించే నకలు కార్లు పది విడిగా కట్టిచ్చారు. తెర మీద ఒక కారు పగిలితే ఇంకోటి సిద్ధంగా ఉంటుంది. రోడ్డు మీద ఆ సైకిల్ ఒక్కటే, ఆ పెద్దాయన ఒక్కడే. ఈ సిరీస్ మొత్తం చూసి నాకు చివరికి మిగిలిన తేడా ఇదే.

మన చట్టం కూడా ఈ మాటే చెప్తుంది, కాస్త పొడిగా. రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా రోడ్డు మీద రేసు పెట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది, రూ.10,000. కారుని ఇష్టమొచ్చినట్టు మార్చడమూ కుదరదు. కంపెనీ ఇచ్చిన మూల స్వరూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

అనుమతి ఉంటే ఎలా ఉంటుందో కూడా హైదరాబాద్ చూసింది. పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్ మీదుగా హుస్సేన్‌సాగర్ ఎంతో దూరం కాదు. 2023 ఫిబ్రవరి 11న ఆ ఒడ్డున 2.83 కిలోమీటర్ల, 18 మలుపుల సర్క్యూట్ మీద దేశంలోనే మొదటి ఫార్ములా ఈ రేసు జరిగింది. గంటకు 320 కిలోమీటర్లు అందుకోగల ఎలక్ట్రిక్ కార్లు. గెలిచింది ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్. చుట్టూ కాంక్రీటు గోడలు, వాటిపైన ఇనుప కంచె, లోపల ఎవరి సైకిలూ లేదు. రోడ్లు మూసేశారని జనం తిట్టుకున్న మాటా నిజమే. 2024లో జరగాల్సిన రెండో రేసు రద్దైంది. కానీ వేగాన్ని చూసి భయం లేకుండా ఈల వేయగలిగింది ఆ కంచె బయట నిలబడే.

మూడో పావు మైలు అయిపోయింది. పంజాగుట్ట చౌరస్తా. మూడు పావు మైళ్లకీ నాకు పట్టింది ఇరవై నిమిషాల పైనే. రోడ్డు దాటడానికి చెయ్యెత్తి నిలబడ్డాను. ఈసారి సైకిల్ వైపున్నది నేను. వచ్చే ప్రతి బండీ ఎంత పెద్దగా కనిపిస్తుందో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. మీరూ ఒకసారి ప్రయత్నించండి.

దాటాక ఫ్లైఓవర్ ఫొటో తీసి రూమ్మేట్‌కి పంపాను. వాడిప్పుడు పుణెలో ఉన్నాడు, కార్ల బ్రేకుల్లో నడిచే సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం. వాల్‌పేపర్ మాత్రం ఇప్పటికీ అదే నారింజ సుప్రా. సినిమాల గురించి ఏదో అంటాడనుకున్నాను. రెండు నిమిషాలకి రిప్లై వచ్చింది.

“ఛాయ్ పెద్దాయన కనపడ్డాడారా?”

లేదని రాశాను.