కంప్యూటర్‌కు పేరు మారిస్తే... ఉత్తరాలు ఆగాయి!

తోతాపురి కోతలు మొదలైతే చాలు, చిత్తూరు జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే పూతలపట్టు దగ్గర ఓ చిన్న ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే కుర్రాడికి సరదా పుట్టింది. మూలగదిలో ఉన్న మెయిల్ సర్వర్‌కు ఎవరో ఎప్పుడో పెట్టిన పొడవాటి పేరు తీసేసి 'తోతాపురి' అని పెట్టాడు. ఒక్క కమాండ్, ఒక్క రీస్టార్ట్... అంతే!

మర్నాడు యజమాని పిలిచారు.

"ఏం నాయనా, చెన్నై వాళ్ళు పంపిన మెయిలు వెనక్కి వచ్చేసిందంటా ఉండారు. మన రేట్ల కాగితమన్నా వాళ్ళకి చేరిందా?"

"నిన్ననే పంపినాం సార్."

పంపిన మాట నిజమే. చేరిందా అన్నదే ప్రశ్న. గడువు చూస్తే ఇంకా రెండు రోజులే ఉంది.

ఆ సర్వర్‌లో ఉత్తరాలు మోసేది పోస్ట్‌ఫిక్స్. ఐబీఎంలో ఉండగా వీట్సా వెనెమా రాసిన సాఫ్ట్‌వేర్ ఇది, 1998లో బయటికొచ్చింది. 'నీ పేరిదీ' అని విడిగా చెప్పకపోతే అది యంత్రాన్నే అడిగి తెలుసుకుంటుంది. పాత పేరులో కంపెనీ డొమైన్ కూడా ఉండేది. కొత్త పేరులో చుక్కే లేదు. దాంతో అది తనంతట తానే 'లోకల్‌డొమైన్' అని తోక తగిలించుకుంది. ఇక కంపెనీ పేరున ఏ మెయిలొచ్చినా 'ఇది మా ఇంటిది కాదు, పరాయివాళ్ళ ఉత్తరాలు మేం మోయం' అని గుమ్మంలోనే తిప్పి పంపేసింది.

పేరు మారితే వచ్చే తిప్పలు ఆ ఊరివాళ్ళకు కొత్త కాదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు పొరుగునున్న పాకాల అటు వెళ్ళింది, పూతలపట్టు చిత్తూరులోనే ఉండిపోయింది. కవరు మీద జిల్లా పేరు పాతదే ఉన్నా, 1972 ఆగస్టు 15 నుంచి వాడుకలో ఉన్న పిన్‌కోడ్ చూసి పోస్ట్‌మ్యాన్ సర్దుకుపోతాడు. యంత్రానికి ఆపాటి మొహమాటం కూడా ఉండదు!

వెళ్ళాల్సిన ఉత్తరాల సంగతి ఇంకా తమాషా. అవతలి సర్వర్‌ను పలకరిస్తూ ఇది తన కొత్త పేరు చెబుతోంది. ఆ పేరు ఇంటర్నెట్‌లో ఎక్కడా లేదు. అవతలిదేమో తలుపు వేసెయ్యకుండా 'తర్వాత రా' అంటోంది. ఇలాంటప్పుడు పోస్ట్‌ఫిక్స్ మెయిలును క్యూలో పెట్టుకుని, మామూలుగా అయిదు రోజులు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ప్రత్యేకంగా అడిగితే తప్ప, ఆలస్యమవుతోందని పంపినవాళ్ళకు చెప్పదు. కుర్రాడు క్యూ తెరిచి చూస్తే... రేట్ల కాగితం అక్కడే పడుంది.

మందు మాత్రం చిన్నదే. యంత్రం పేరూ, మెయిల్ సర్వర్ బయట చెప్పుకునే పేరూ ఒకటే కానక్కర్లేదు. సెట్టింగుల ఫైల్లో 'మైహోస్ట్‌నేమ్' దగ్గర పాత పూర్తి పేరు రాశాడు. ఎవరి ఉత్తరాలు మనవో చెప్పే 'మైడెస్టినేషన్' వరసలో కంపెనీ డొమైన్‌ను చేర్చాడు. పోస్ట్‌ఫిక్స్‌ను మళ్ళీ మొదలుపెట్టి, క్యూను కదిలించాడు. సాయంత్రానికి చెన్నై నుంచి 'అందింది' అని ఫోనొచ్చింది.

తిరిగిపోయిన మెయిళ్ళను రప్పించే మంత్రం మాత్రం లేదు. కాకపోతే ఎవరెవరిని కాదన్నదో ఆ చిరునామాలన్నీ లాగ్‌లో ఉన్నాయి. వాటిని కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి 'ఇంకోసారి పంపండి సార్' అని అడుగుతూ రాత్రి దాకా కూర్చున్నాడు. యంత్రం పేరు... ఇప్పటికీ తోతాపురే!