సుబేదారుగారి తేదీల పట్టిక

మాజీ సైనికుల సంక్షేమమును గూర్చి ఒక పర్యటన కథనము కావలెనని కోరినపుడు, రెండు మూడు కార్యాలయములు, ఇద్దరు అధికారులు, కొన్ని అంకెలు వీనితో పని ముగియునని మా సంపాదకుడు తలచినట్లున్నది. నేను మాత్రము 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు వచ్చినప్పటినుండి ఎక్కవలెనని కోరుచున్న ఆ బండి నెక్కి, గజ్వేలు మీదుగా ఆ పట్టణమున దిగి, ఏ కార్యాలయమునకును పోక, సైన్యములో క్లర్కుగా చేరి సుబేదారుగా విరమించిన ఒక వృద్ధుని యింటి అరుగుమీద ప్రొద్దు వాలువఱకు కూర్చుంటిని. ఆయన మా మేనమామకు పాత స్నేహితుడు. పేరు వేయవలదని ముందే మాట తీసికొనెను. వైకల్యపు పింఛను తిరస్కరింపబడిన జవానులకు అప్పీళ్ళు వ్రాసిపెట్టుట ఆయన వ్యాపకము. జిరాక్సు ఖర్చు, తపాలా ఖర్చు తప్ప ఎవ్వరియొద్దను పైసా పుచ్చుకొనడు.

ఒక చెక్కబల్ల, కాగితములకు రంధ్రములు పొడుచు పంచి, ఆకుపచ్చ ట్యాగుల కట్ట, వ్రేలు తడుపుకొనుటకు నీట నానిన స్పాంజి, ఎఱ్ఱ పెన్సిలు, భూతద్దము, ఇంతే ఆయన సరంజామా. డెబ్బది దాటిన ఆ చేతులలో బొటనవ్రేళ్ళ కీళ్ళు వాచియున్నవి. టీకప్పు పట్టునపుడు వణకును, కాగితము పట్టునపుడు వణకవు. మడతలయొద్ద చినిగిన డిశ్చార్జి బుక్కు చేతికి వచ్చినచో, పలుచని కాగితపు పేలికలను మైదాపిండి జిగురుతో వెనుకవైపున అంటించి, నీడపట్టున ఆరబెట్టి, అటుపిమ్మట గాని చదువ నారంభింపడు. ఎమ్మారై ఫిల్మును వెలుగునకు ఎత్తి చూచును గాని, తాను వైద్యుడు కాడని ఎఱిగినవాడు గనుక, అందలి వెన్నుపూసలజోలికి పోక మూలనున్న తేదీని మాత్రము వ్రాసికొనును. పిదప వెడల్పైన కాగితముపై స్కేలుతో నాలుగు గళ్ళు గీయును: తేదీ, స్థలము, జరిగినది, ఏ పుటలో నున్నది. ఏ మాటకు పుటసంఖ్య చూపలేడో ఆ మాటను ఎంత నిజమైనను ఆయన ఆ పట్టికలో చేర్చడు. నేను ఎఱిగిన చరిత్రకారులలో ఈ నిగ్రహము గలవారు మిక్కిలి తక్కువ.

ఆనాడు దుబ్బాక వైపు పల్లెనుండి ఒక మాజీ హవల్దారు భార్యాసమేతుడై వచ్చెను. కుర్చీ చూపినను కూర్చుండక, స్తంభమునకు వీపు ఆనించి, ఒక కాలినుండి వేఱొక కాలికి బరువు మార్చుకొనుచు నిలిచెను. జమ్మూకాశ్మీరమున మంచుకొండమీది పోస్టునకు రేషను మోయుచు జారిపడి, వెన్నులో డిస్కు చెడి, లో మెడికల్ కేటగిరీలో చేర్పబడి, యుద్ధరంగమునకు దూరమైన మైదానప్రాంతపు ‘పీస్ స్టేషను’నకు బదిలీయైన మనిషి. అచట స్టోరులో లెక్కలు చూచు పనియే యైనను నడుమునొప్పి తగ్గలేదు. ఏండ్ల తరబడి అది నిద్రను కొఱుకుచుండగా మాట తగ్గెను, ఆకలి తగ్గెను, తోటివారితో నవ్వు ఉడిగెను. కడకు మానసిక వైద్యుని వార్డులో చేరవలసివచ్చెను. అతడు స్వయముగా చెప్పినది తక్కువ. చెప్పినదంతయు ఆమెయే.

“నడుముకు పదిహేను అన్నరు, మనసుకు నలభై అన్నరు, మల్ల గా నలభై ఫౌజుది కాదన్నరు. మరి ఎవలది సారూ? మా పెండ్లినాడు ఈయనకు ఏ రంది లేకుండె. ఇప్పుడు రాత్రంత మంచం పట్టెమీద కూసుంటడు, పిల్లలు దగ్గరికొస్తె కసురుకుంటడు. ఈ రోగం మా ఇంట్ల పుట్టిందా?”

సుబేదారుగారు తలయెత్తకయే, “కోపం రాస్తె వాళ్లు చదువరు బిడ్డా. నిద్ర పట్టుతలేదని మొదలు ఏ డాక్టరుకు చెప్పిండో, గా చీటీ చూపెట్టు” అనెను.

ఆమె ప్రశ్నకు వెనుకనున్న గణితమును పాఠకులు ఎఱుగవలెను. జవాను విడుదలయగునపుడు వైద్యబోర్డు ప్రతి వ్యాధికిని వేఱొక వరుస కేటాయించి, అది సేవవలన కలిగినదా, సేవవలన ముదిరినదా, లేక రెండును కాదా అని వ్రాసి, దాని యెదుట శాతము వేయును. సంబంధము లేదన్న వ్యాధి శాతము లెక్కకు రాదు. లెక్కకు వచ్చినది 20 శాతమునకు తక్కువైనచో, పూర్తికాలము సేవించి విడుదలయైనవానికి సేవా పింఛను తప్ప వైకల్యభాగము ముట్టదు. నూటికి నూరు శాతపు వైకల్యమునకు చివరి జీతములో 30 శాతము; 20 మొదలు 50లోపు శాతమును 50గా పూరించు సౌకర్యము, 2014 డిసెంబరునాటి రామ్ అవతార్ తీర్పుతో, కాలము ముగిసి విడుదలయైనవారికిని దక్కినది. కావున 19కిని 20కిని నడుమనున్న దూరము, శూన్యమునకును చివరి జీతములో 15 శాతమునకును నడుమనున్న దూరము. ఈ హవల్దారు నడుము సేవవలన చెడినదని బోర్డు ఒప్పుకొన్నది గాని 20 శాతము అందలేదు. అందిన మనోవ్యాధిని ఒప్పుకొనలేదు.

ఒప్పుకొనకపోవుటకు కారణము ఒక్క పంక్తి. వ్యాధి పీస్ స్టేషనులో ఆరంభమైనది గనుక, స్వభావసిద్ధమైనది గనుక, సేవతో సంబంధము లేదు. ఈ పంక్తిని చదివినపుడు నాకు కలిగిన చికాకును దాచుకొన నవసరములేదు. కొండమీద విఱిగిన నడుమును జవాను కొండమీదనే విడిచి రాలేదు గదా; బదిలీ ఉత్తర్వు మనిషికి గాని నొప్పికి వర్తింపదు. ఇదే సిద్దిపేట మగ్గములపై నేయబడు గొల్లభామ చీరకు, అది ఏ ఊర పుట్టినదో చెప్పి, భౌగోళిక గుర్తింపునిచ్చిన ప్రభుత్వమే, ఒక జవాను దిగులు ఎచట పుట్టినదో వెదకవలసివచ్చినపుడు వాని చివరి చిరునామాతో తృప్తిపడుచున్నది.

సుబేదారుగారు ఆ కట్టలోనుండి ఒక మందుచీటిని తీసి, ఎఱ్ఱ పెన్సిలుతో ఒక మాత్ర పేరు క్రింద గీత గీచి, నా వైపు త్రిప్పెను. డులాక్సెటిన్. అది దిగులునకును ఇచ్చు మందు, దీర్ఘకాలపు నడుమునొప్పికిని ఇచ్చు మందు. ఏలయన నొప్పిని అణచు నాడీమార్గములలోను, మనస్సును కుదురుగా నిలుపు మార్గములలోను సెరటోనిన్, నారెపినెఫ్రిన్ అను రసాయనములే పనిచేయునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. నొప్పి దిగులును పెంచును, దిగులు నొప్పిని పెంచును. చికిత్స చేసిన వైద్యుడు ఒక్క మాత్రతో పట్టదలచిన బాధను బోర్డు రెండు వరుసలుగా చీల్చి, ఒకదానిని సైన్యమునకును రెండవదానిని తల్లిదండ్రుల రక్తమునకును పంచిపెట్టినది. అమెరికాలో, సేవలో కలిగిన గాయమునుండి రెండవ వ్యాధి పుట్టినదని వైద్యసాక్ష్యముతో చూపినచో, ఆ రెండవదానికిని పరిహారమిచ్చు నియమము స్పష్టముగా కలదు. నడుమునొప్పి వెంట వచ్చిన దిగులునకు అక్కడి జవానులు ఆ దారినే పోవుచున్నారు. అక్కడను పోరాటము లేకపోలేదు, కాని ద్వారముమీద పేరు వ్రాసియున్నది.

మన జవాను ముందు మఱియొక అడ్డంకి. సైనికుని ఆరోగ్యమును కొలుచు ‘షేప్’ అను అయిదక్షరముల పద్ధతిలో మొదటి అక్షరము మనస్సుదే. అది చెడినదని ఫైలులో పడినచో ఆయుధము చేతినుండి పోవును, ప్రమోషను పోవును, బ్యారకులో గౌరవము పోవును. అందుచే నడుము నొచ్చుచున్నదని సిక్ రిపోర్టుకు పదిసార్లు పోయినవాడు, ఏడ్పు వచ్చుచున్నదని ఒక్కసారియు పోడు. దాచినంతకాలము కాగితము లేదు. కాగితము లేనిచో సుబేదారుగారి పట్టికలో గడి ఖాళీ. 1915లో మైయర్స్ అను ఆంగ్ల వైద్యుడు ‘లాన్సెట్’ పత్రికలో షెల్ షాకును గూర్చి వ్రాసి నూరేండ్లు దాటినను, దెబ్బ కంటికి కనబడవలెనను పట్టుదల సైన్యములను వీడలేదు. మనమును అంతే. గల్వానులో నేలకొరిగిన కర్నల్ సంతోష్ బాబునకు సూర్యాపేటలో విగ్రహము నిలిపితిమి; నిలుపవలసినదే. బ్రతికివచ్చి మంచముపట్టెమీద తెల్లవార్లు కూర్చుండువానికి దండవేయుటకు మనకు చేయి రాదు.

న్యాయస్థానము వీరికి కొంత దారి చూపినది. సిగ్నల్స్ దళమున 1985లో చేరి 1994లో మూర్ఛవ్యాధితో పంపివేయబడిన ధరమ్‌వీర్ సింగు కేసులో, చేరునాడు వ్యాధి ఉన్నదని ఎవ్వరును వ్రాయలేదు గనుక అది సేవలో వచ్చినట్లే భావింపవలెననియు, కాదని ఋజువు చేయవలసిన భారము ప్రభుత్వముదేననియు సుప్రీంకోర్టు 2013 జులైలో తీర్పు చెప్పెను. ఆ తీర్పు నకలు సుబేదారుగారి బల్లమీద అంచులు నలిగియున్నది. కాని మనోవ్యాధులను ఆ ఊహకు పూర్తిగా అప్పగింపరాదని 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో అదే కోర్టు అనెను. మఱల 2025లో రాజుమోన్ కేసులో, కారణములు చెప్పని బోర్డు అభిప్రాయము ఆధారముగా పింఛను నిరాకరింపరాదనెను. ఒక తీర్పు చేయి పట్టుకొనును, ఒకటి విడుచును. అందుచే ఆయన తీర్పులకంటె తేదీలను ఎక్కువ నమ్మును.

మోసగాండ్రు లేరని నేను అనను. ఏటా విరమించు అధికారులలో 36 నుండి 40 శాతము, జవానులలో 15 నుండి 18 శాతము వైకల్యపు పింఛను పొందినట్లు 2023లో కాగ్ నివేదిక వెల్లడించెను. ఆ యేడు సెప్టెంబరులో ఆ పింఛను నియమములు కొత్తగా వ్రాయబడినవి. ఆ అంకెలను నేను రెండుసార్లు చదివితిని. బరువు మోయువాడు జవాను, ఆ పింఛను పొందువారి శాతము ఎక్కువ అధికారులలో. నియమము బిగించినపుడు మొదట ఊపిరాడనిది ఇంగ్లీషు చదువనేరని, వకీలును పెట్టుకొనలేని హవల్దారునకు గదా! అప్పీళ్ళు తిరస్కరింపబడినచో పోవలసిన సాయుధదళముల ట్రిబ్యునలు బెంచి చెన్నైలో నున్నది. కూర్చుండలేని మనిషికి చెన్నై బండి ఎంత దూరమో ఆ స్తంభమును ఆనుకొని నిలిచినవానిని చూచిన తెలియును.

పింఛను వ్యవహారమంతయు ఇప్పుడు ‘స్పర్శ్’ అను కంప్యూటరు ద్వారమునకు మారినది. మేలే. కాని ఆ యంత్రము అడుగునది పత్రము. ఒక పత్రమునకును మఱియొకదానికిని నడుమ గడచిన రాత్రులను వరుసపెట్టి చూపు నేర్పు ఈ సుబేదారుగారితో ముగియునట్లున్నది. వెనుకటి రెజిమెంటు క్లర్కులకు ఆ నేర్పు చేతివాటముగా అబ్బినది. నేడు ఆ స్థానమున బకాయిలలో వాటా మాట్లాడుకొను దళారులు చేరుచున్నారు. వారు వ్రాయు అప్పీళ్ళలో పేరు, నంబరు మార్చి ఒకే కథ. శిష్యులెవరైన ఉన్నారా యని అడుగగా, “మనుమడు సాఫ్ట్‌వేరు సారూ, వానికి ట్యాగు ముడేసుడు గూడ రాదు” అని నవ్వి మరల గళ్ళు గీయసాగెను.

సిద్దిపేటలో 2018నుండి ప్రభుత్వ వైద్యకళాశాల నడచుచున్నది. ఎముకల వైద్యుడును మానసిక వైద్యుడును నెలకొక్క దినము ఒకే గదిలో కూర్చుండి, జిల్లాలోని మాజీ సైనికులను కలిసి పరీక్షించి, నొప్పియు దిగులును ఎప్పుడు ఎట్లు ముడిపడినవో ఒకే కాగితముపై వ్రాసి సంతకము చేసినచో, బోర్డుగాని ట్రిబ్యునలుగాని దానిని త్రోసివేయుటకు కారణము చెప్పవలసివచ్చును. కొత్త భవనము, కొత్త పథకము అవసరములేని ఈ పనిని జిల్లా కలెక్టరుగారు పూనుకొనవలెనని కోరుచున్నాను. ఇది చదువువారి యింట విడుదలయైన జవాను ఉన్నచో, వైద్యబోర్డు పత్రముల నకలు తప్పక తెప్పించుకొనుడు. పాత మందుచీటి ఒక్కటియు పాఱవేయకుడు. తిరస్కార పత్రము అందిన నాటినుండి మొదటి అప్పీలునకు గడువు ఆఱు నెలలు.