చోర్ బజారు: ముల్లు చెప్పే ధర

ముంబయి నగరంలో, మహమ్మదలీ రోడ్డుకు కొద్ది దూరంలో, మటన్ స్ట్రీట్ అనే ఇరుకు వీధి ఉంది. పేరుకు మాంసపు వీధే గాని, అక్కడ అమ్మకానికి ఉండేవి పాత గడియారాలు, పింగాణీ పాత్రలు, గాజు దీపాలు, చలనచిత్రాల వాల్‌పోస్టర్లు. ఈ పరిసరాలనే లోకం చోర్ బజారు అంటుంది. ఇక్కడి కోలాహలాన్ని బట్టి మొదట ‘శోర్ బజారు’ అన్నారనీ, అదే వాడుకలో ‘చోర్’ అయిందనీ చెబుతారు. నగరంలో పోగొట్టుకున్న వస్తువును ఇక్కడ మళ్లీ కొనుక్కోవచ్చునన్నది ముంబయి వాసుల పాత చమత్కారం. శుక్రవారం నాడు దుకాణాలు మూతపడతాయి; వాటి ముందు నేలమీద సరుకు పరచుకొని చిల్లర వర్తకులు బారులు తీరుతారు.

ఆ బారులలో రికార్డు ప్లేయర్ల కోసం వెతికేవారు ఎప్పుడూ కనిపిస్తారు. వారిలో కొందరు కొత్తగా మోజుపడిన యువకులు. మరికొందరి ఇంట తండ్రిగారు వదలివెళ్లిన రికార్డుల పెట్టె ఉంటుంది. మోగించే యంత్రం మాత్రం ఉండదు. చేతిలోని డబ్బు కొద్ది. తక్కువ వెలకు దొరికే మంచి యంత్రమేది అన్నదే వీరందరి ప్రశ్న.

మొదట కంటిని ఆకర్షించేది తళతళలాడే ఇత్తడి బాకా ఉన్న గ్రామఫోను. వీటిలో చాలా భాగం అలంకారం కోసం ఇటీవల తయారైనవే. అసలైనదే దొరికినా అది లక్కతో చేసిన 78 భ్రమణాల రికార్డులకు మాత్రమే తగినది. దాని ఉక్కుముల్లు రికార్డుపై మోపే బరువు నూరు గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. సన్నని గాడులున్న ఎల్.పి. రికార్డును దానికింద పెడితే ఒక్కసారితోనే పాట పాడైపోతుంది.

తరువాత కనిపించేవి 1970లలో మధ్యతరగతి ఇళ్లను పాటలతో నింపిన హెచ్‌ఎంవీ ఫియెస్టా వంటి చేతిపెట్టె ప్లేయర్లు. వీటిని చూస్తే ఎందరికో బాల్యం గుర్తుకు వస్తుంది. అయితే ఈ తరహా యంత్రాలలో సాధారణంగా ఉండేది సిరామిక్ కార్ట్రిడ్జి. అది గాడిపై నాలుగైదు గ్రాములు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువ బరువు మోపుతుంది. మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జికి రెండు గ్రాములు చాలు. ముల్లు గెంతుతూ ఉంటే చేయిమీద నాణెం పెట్టే అలవాటు ఒకప్పుడు ఇంటింటా ఉండేది. ఆనాటి పావలా బరువు రెండున్నర గ్రాములు. అనగా, ఆ చిన్న నాణెం గాడిపై భారాన్ని సగానికి సగం పెంచేది!

మూడవ రకం విదేశీ యంత్రాలు. రేవు పట్టణం గనుక ముంబయికి ఇవి నలుమూలల నుండీ చేరాయి. అమెరికా నుండి వచ్చిన యంత్రానికి 120 వోల్టులు, జపాను యంత్రానికి 100 వోల్టులు కావాలి. మన ఇళ్లలో ఉన్నది 230. ఈ తేడాను ట్రాన్స్‌ఫార్మరు సరిచేస్తుంది గాని, మరొక తేడాను అది సరిచేయలేదు. అమెరికా విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తులది, మనది 50. ఆ ఆవృత్తులను అనుసరించి తిరిగే పాతకాలపు మోటారు ఇక్కడ ఆరింట ఒక వంతు మందగిస్తుంది. నిమిషానికి 33⅓ సార్లు తిరగవలసిన పళ్లెం 28 సార్లయినా తిరగదు; గాయని గొంతు గాయకుడి గొంతులా వినిపిస్తుంది. యంత్రం వెనుకనున్న రేకుపై ‘50’ అనే అంకె ఉన్నదో లేదో చూసుకోవటం అందుకే అవసరం.

అనుభవజ్ఞులు బేరానికి ముందు చేతితోనే పరీక్ష చేస్తారు. పళ్లెం వేలితో తిప్పితే గరగరలు లేకుండా తిరగాలి. ముల్లు అమరిన చేయి అడ్డంగా గాని నిలువుగా గాని ఎక్కడా పట్టేయకూడదు. మొదట్లో వదులుగా ఊగకూడదు. సాగిపోయిన బెల్టు పెద్ద లోపం కాదు, మార్చుకోవచ్చు. చేయి బేరింగు చెడితే మాత్రం బాగుచేయటం కష్టం. అన్నిటికన్నా ముఖ్యం, ఆ కార్ట్రిడ్జికి కొత్త ముల్లు నేటికీ దొరుకుతుందా అన్నది. పాత ముల్లు ఎన్ని గంటలు అరిగిందో అమ్మేవాడికీ తెలియదు. వజ్రపు ముల్లు సైతం కొన్ని వందల గంటలకు, మహా అయితే వెయ్యి గంటలకు మార్చవలసినదే.

కనుక పాత యంత్రం అసలు వెల అంగడిలో చెప్పినది కాదు. దానికి కొత్త ముల్లు, బెల్టు, మరమ్మతు కూలి కలపాలి. మాగ్నెటిక్ కార్ట్రిడ్జి ఇచ్చే సంకేతం అతి బలహీనం గనుక, ఆంప్లిఫయరులో ఫోనో విభాగం లేకపోతే ఆ ఖర్చూ కలపాలి. ఆ మొత్తం కొత్త యంత్రం వెలను మించితే కొత్తదే చవక. ఆడియో-టెక్నికా ఏటీ-ఎల్‌పీ60ఎక్స్ వంటి ప్రారంభశ్రేణి టర్న్‌టేబుల్‌లో ఫోనో విభాగం అమర్చే ఉంటుంది, ముల్లు మార్చుకోవచ్చు. అయితే దానిపై 78 రికార్డులు మోగవు. పెట్టెలో ఉన్నవి ఏ రికార్డులో చూసుకోకుండా బజారుకు బయలుదేరటం మంచిది కాదు.

పొరుగున ఉన్న భెండీ బజారులో 2009లో ఆరంభమైన పునర్నిర్మాణం వల్ల పాత కట్టడాల స్థానంలో ఎత్తైన మేడలు లేస్తున్నాయి. మటన్ స్ట్రీట్‌లో మాత్రం బేరాలు సాగుతూనే ఉన్నాయి. ఇక్కడ కొన్న యంత్రం పాడైతే మరో శుక్రవారం మరొకటి దొరుకుతుంది. ముల్లు దున్నేసిన పాట మాత్రం, పోయినవన్నీ దొరుకుతాయని పేరుపడిన ఈ బజారులో కూడా దొరకదు.