సీఈసీ చదివినోళ్లు పళ్ల డాక్టర్ కావొచ్చా? హెండర్సన్‌లో మేం వేసిన లెక్క

ఈ పోస్టు కొంచెం పొడుగు. స్మోకోలో హడావిడిగా కాకుండా ఇంటికి పోయినంక తీరిగ్గా చదవండి.

హెండర్సన్ వైపు ఉండే మనోళ్ల ఇళ్లల్లో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వింటున్నం. "మేం సైన్స్ చదవలేదు, ఇప్పుడు డెంటల్ లైన్‌లోకి పోవచ్చా?" అడిగేది చిన్నపిల్లలు కాదు. బీకాం చేసి ఇక్కడ ప్యాకింగ్ పని చేస్తున్న చెల్లెళ్లు, ముప్పై దగ్గరపడ్డ ఫార్మ్‌వర్క్ తమ్ముళ్లు. ఎందుకు అడుగుతున్నరో మనకు తెలుసు. ఈ దేశంలో పద్దెనిమిది నిండేదాకా పిల్లల పళ్లకు మామూలు వైద్యం ఉచితం. పెద్దోళ్లం మాత్రం జేబులోంచి కట్టుకోవాలె. రూట్ కెనాల్ బిల్లు చూసినంక "ఈ పనేదో మనమే నేర్చుకుంటే పోయేది" అని ఎవరికైనా అనిపిస్తది.

మా సైట్‌లో పనిచేసే ఒక తమ్ముడి భార్యకు ఇది ఉత్త ముచ్చట కాదు. ఒక ఏజెంట్ ఆమెతో "డెంటల్ కోర్సు ఉంది, ఫీజు కడితే డాక్టర్ లైన్‌లో పడతారు" అన్నడట. బంగారం తాకట్టు పెట్టి కడదామని మొగుడూ పెళ్లాం అనుకున్నరు. కట్టేముందు లెక్క చూద్దామని మా నాలుగిళ్లోళ్లం కూచున్నం. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నం.

మనూళ్లల్లో గ్రూపు ఎంచుకునే టైంకు మనకు పదిహేనేళ్లు. బైపీసీ తీసుకున్నోడికి డాక్టరీ దారి ఉంటది, సీఈసీ తీసుకున్నోడికి అది బంద్. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ లేకుండా నీట్ లేదు, నీట్ లేకుండా బీడీఎస్ సీటు లేదు. మేమైతే పదితోనే ఆపినోళ్లం, గ్రూపు దాకా కూడా పోలేదు. తలుపు మూసుకుంటే ఎట్లుంటదో మాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక్కడి పద్ధతి వేరు. డెంటిస్ట్ చదువుకు దేశం మొత్తానికి ఉన్నది ఒక్కటే చోటు, దక్షిణ ద్వీపంలో డునెడిన్‌లో ఉన్న ఒటాగో యూనివర్సిటీ. అక్కడ దంతవైద్య విద్య 1907లో మొదలైంది. బీడీఎస్ ఐదేళ్లు. మామూలుగా మొదటి ఏడు మెడిసిన్ కోరేవాళ్లతో కలిసి కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ, శరీరం పనితీరు చదవాలె. ఆ మార్కులతో సీటుకు పోటీ పడాలె. ఇరవై దాటిన పౌరులు, రెసిడెంట్లు బడి సర్టిఫికెట్ సరిపోకున్నా స్పెషల్ అడ్మిషన్ కింద యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంటే ఏ గ్రూపు అని అడిగి గేటు దగ్గరే ఆపరు. కానీ లోపల పోటీ పడేది కెమిస్ట్రీ, ఫిజిక్స్ బడిలోనే నూరి వచ్చిన పిల్లలతో. సున్నా నుంచి మొదలుపెట్టేవాళ్లు దానికి ముందు ఇంకో ఏడాది కలుపుకోవాలె. ముప్పైలో మొదలుపెడితే చేతికి డిగ్రీ వచ్చేసరికి ముప్పై ఆరు. అదీ ఎక్కడా తప్పకుంటే.

మా లెక్కలో సైన్స్ కంటే పెద్ద గోడ వీసా. వర్క్ వీసా మీద ఉన్నోళ్లు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థి ఫీజు కట్టాలె, డెంటిస్ట్రీకి అది మన కూలితో తెమిలే లెక్క కాదు. చాలామందికి తెలియని ఇంకో సంగతి ఉంది. మన వర్క్ వీసా మీద ఇక్కడి బడిలో స్థానిక పిల్లల్లాగే చదువుకున్న మన పిల్లలు కూడా, రెసిడెన్స్ రాకపోతే, యూనివర్సిటీకొచ్చేసరికి విదేశీ విద్యార్థులైపోతరు. రెసిడెన్స్ వస్తే స్థానిక ఫీజు. రెసిడెన్స్ మీద మూడేళ్లు ఇక్కడ ఉంటే స్టూడెంట్ లోన్‌కు అర్హత వస్తది, ఈ దేశంలో ఉన్నంతకాలం దానికి వడ్డీ ఉండదు. కాబట్టి ముందు రెసిడెన్స్, తర్వాతే పెద్ద చదువు. ఈ వరస తిరగేస్తే బంగారం పోతది, భూమి పోతది.

ఇంకోటి. పళ్ల గదిలో ఉన్నది ఒక్క డాక్టర్ కుర్చీయే కాదు. 2003 చట్టం కింద డెంటల్ కౌన్సిల్ డెంటిస్టులనే కాదు, ఓరల్ హెల్త్ థెరపిస్టులను, హైజీనిస్టులను, కట్టుడు పళ్లు చేసే టెక్నీషియన్లను కూడా రిజిస్టర్ చేస్తది. ఓరల్ హెల్త్ డిగ్రీ మూడేళ్లు, ఒటాగోతో పాటు ఆక్లాండ్‌లోనే ఏయూటీలో ఉంది. ఇల్లు మారక్కర్లేదు. డెంటల్ అసిస్టెంట్‌కు రిజిస్ట్రేషన్ అవసరం లేదు, పనిలో పెట్టుకుని నేర్పే క్లినిక్‌లు ఉన్నయ్.

ఏజెంట్ చెప్పిన కోర్సు కాగితాలు తిప్పి చూస్తే అది అసిస్టెంట్ కోర్సు. ఆ పని తక్కువదని మేం అనం. కానీ దాన్నుంచి డెంటిస్ట్‌గా ప్రమోషన్ రాదు. ఇరవై ఏళ్లు స్టీల్ కట్టినోడు కూడా ఇంజనీర్ డ్రాయింగ్ మీద సంతకం పెట్టలేడు కదా, ఇదీ అంతే. మనూళ్లో బీడీఎస్ చేసి వచ్చిన డాక్టర్లే ఇక్కడ రిజిస్ట్రేషన్ పరీక్ష రాయనిదే పన్ను ముట్టుకోవడానికి లేదు.

అట్లని చదువు తక్కువోళ్లకు ఈ విద్య అబ్బదా అంటే, చరిత్ర అట్ల చెప్పదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరడానికి వచ్చిన కుర్రాళ్ల నోళ్లు చూసి ఈ దేశం బెదిరిపోయింది, అంత పాడైన పళ్లు. అప్పుడు థామస్ హంటర్ అనే ఆయన ఆధ్వర్యంలో 1921లో వెల్లింగ్టన్‌లో ఆడపిల్లలను తీసుకుని రెండేళ్ల శిక్షణ ఇచ్చి బడుల్లో పిల్లల పళ్లు చూసే నర్సులుగా పంపారు. వాళ్లు డాక్టర్లు కారు. ప్రపంచంలో ఇట్లాంటి ఏర్పాటు అదే మొదలు, తర్వాత వేరే దేశాలు కూడా దీన్ని పట్టుకున్నయ్. ఇంకా వెనక్కి పోతే అమెరికాలో జీ.వీ. బ్లాక్, 1836లో పుట్టిన పల్లెటూరి మనిషి. బడికి పోయింది చాలా తక్కువ. ఒక డెంటిస్ట్ దగ్గర ఉండి పని నేర్చి, చివరికి డెంటల్ కాలేజీకి డీన్ అయిండు. పుచ్చులను ఆయన చేసిన వర్గీకరణ ఇప్పటికీ చెబుతరు.

ఆయన చెప్పిన పద్ధతి వింటే మన పనే గుర్తొస్తది. పుచ్చంతా తీసెయ్, గట్టి పన్ను తగిలేదాకా పో, ఫిల్లింగ్ ఊడకుండా లోపల పట్టు ఉండేటట్టు చెక్కు. స్లాబ్ అంచు పగిలితే మనం చేసేది ఇంతేగా? లూజు కాంక్రీట్ కొట్టేసి, గట్టిది దొరికినంక అంచు నిలువుగా కోసి నింపుతం. పల్చగా పూస్తే రేపు రాలిపోతది. మన చేతికి ఈ తెలివి ఉంది. కానీ కాంక్రీట్‌కు నొప్పి లేదు, రక్తం కారదు, అది షుగర్ మందులు మింగదు. కుర్చీలో పడుకున్న మనిషికి ఇవన్నీ ఉంటయ్. మత్తు సూది ఎక్కడ, ఎంత ఇవ్వాలో చెయ్యి చెప్పదు, చదువే చెప్పాలె. సైన్స్ తప్పదు అనేది అందుకే, మనల్ని ఆపడానికి పెట్టింది కాదు.

ఆ చెల్లె ఫీజు కట్టలేదు. క్లినిక్‌లలో అసిస్టెంట్ పని అడుగుతోంది. రాత్రి ఖాన్ అకాడమీలో ఉచితంగా బడి స్థాయి కెమిస్ట్రీ మొదలుపెట్టింది. రెసిడెన్స్ వచ్చినంక మూడేళ్ల డిగ్రీకి పోతనంటది. తమ్ముడికి ఇంకా "డాక్టర్" అనే మాట మీదే మనసు. ఆ వాదన వాళ్లింట్లో ఇంకా నడుస్తనే ఉంది.

పైసలు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ చదువుతో డెంటల్ కౌన్సిల్ నన్ను ఏ పేరుతో రిజిస్టర్ చేస్తది? నా వీసా మీద ఫీజు ఎంత? చదివినన్ని రోజులు ఒక్క జీతం మీద ఇల్లు నడుస్తదా? జవాబులు నోటిమాటగా వద్దు, కాగితం మీద అడగండి. యూనివర్సిటీకి, కౌన్సిల్‌కు నేరుగా ఈమెయిల్ పెట్టండి. ఇంగ్లీషు రాకపోతే రాసిచ్చే పిల్లలు మన ఇళ్లల్లో ఉన్నరు, మొహమాటపడకండి. పదిహేనేళ్లప్పుడు మన తరఫున ఎవరో ఎంచుకున్నరు. ఈసారి లెక్క చూసుకుని మనమే ఎంచుకుందాం.