బొమ్మకు కన్ను దిద్దవలసినది ఎవరు?



వినాయక నిమజ్జనం ముగిసి శరన్నవరాత్రులు సమీపించగానే మా దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల గృహిణులు ఆలయంలో తరచుగా ఒక సందేహం అడుగుతారు. కొలువు కోసం పెట్టెలోని బొమ్మలను బయటికి తీస్తే కొన్నింటి ముఖాలు వెలిసిపోయి ఉంటాయి. ఒకదానికి కనుబొమ చెరిగి ఉంటుంది, మరొకదానికి పెదవి రంగు రాలి ఉంటుంది. "మేమే కుంచె పట్టి దిద్దుకోవచ్చునా, చిత్రకారునికి ఇచ్చి చేయించాలా? మేము దిద్దితే దోషమా?" అన్నది వారి సందేహం. పైకి అల్పంగా కనిపించినా, ఏ కర్మను మనం స్వయంగా చేయాలి, దేనిని ఇతరుల చేత చేయించవచ్చు అన్న పెద్ద విచారణ ఇందులో ఇమిడి ఉన్నది. అందుచేత కొంత విస్తరించి విన్నవిస్తాను.

ముందుగా ప్రతిష్ఠిత విగ్రహాల సంగతి చెప్పుకోవాలి. ఆగమోక్త ప్రతిష్ఠలో నయనోన్మీలనం అత్యంత గంభీరమైన ఘట్టం. సువర్ణ శలాకతో నేత్రాలను తెరచిన వెంటనే స్వామి తొలిచూపు మంగళద్రవ్యాల మీద పడాలని దర్పణం, సవత్సమైన గోవు, ధాన్యరాశి, కన్యలు మొదలైనవారిని ఎదుట నిలుపుతారు. శిల్పిని వస్త్ర దక్షిణాదులతో సత్కరించి పంపుతారు. అటుపిమ్మట ఆ బింబం శిల్పిది కాదు, యజమానిది కూడా కాదు. మరమ్మతు అవసరమైతే కళాకర్షణ చేసి, దైవకళను కలశంలోనికో బాలబింబంలోనికో ఆవాహన చేసి, బాలాలయంలో అర్చనలు సాగించి, అప్పుడే పనికి పూనుకోవాలి. యాదాద్రి ఆలయ పునర్నిర్మాణ కాలంలో 2016 నుండి 2022 మార్చి వరకు మనమందరం బాలాలయంలోనే నరసింహస్వామిని దర్శించుకున్నాము కదా. కనుక ప్రాణప్రతిష్ఠ జరిగిన మూర్తి మీద గృహస్థు గాని, వేతనానికి వచ్చిన చిత్రకారుడు గాని స్వేచ్ఛగా కుంచె పెట్టరాదు. ఇందులో సందేహానికి తావు లేదు.

దీనికి సరిగా ఎదుటి కొసలో మరికొన్ని రూపాలున్నాయి. ఏ పూజకైనా ముందుగా పసుపు ముద్దతో గణపతిని చేసుకుంటాము. శివభక్తుడు పుట్టమన్నుతో పార్థివలింగాన్ని చేసుకుంటాడు. బతుకమ్మ పేర్చిన తల్లి దాని మీద పసుపు గౌరమ్మను నిలుపుతుంది. వీటికి శిల్పిని పిలవరు. వీటికి కన్నూ లేదు, ముక్కూ లేదు. అయినా ఆవాహనకు లోపం రాదు, పూజాంతంలో ఉద్వాసన జరుగుతుంది. ఈ రెండు కొసలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మన పెద్దల వివేకం తెలుస్తుంది. నేడో రేపో కరిగిపోయేదానిని ఎవరి చేతితో వారే చేసుకోవాలి. తరతరాలు నిలిచేదానిని విద్య తెలిసిన హస్తానికి అప్పగించాలి.

కొలువుబొమ్మ ఈ రెండింటికీ నడుమ ఉన్నది. దానికి ప్రత్యేకంగా ప్రాణప్రతిష్ఠ చేయము. కొలువు మొత్తానికి నివేదన, హారతి ఇస్తాము, పేరంటాండ్రకు తాంబూలం ఇస్తాము. అటువంటప్పుడు గృహిణి స్వయంగా దిద్దినా దోషం లేదు, చిత్రకారుని చేత దిద్దించినా దోషం లేదు. కాని అది కరిగిపోయేదీ కాదు. అత్తగారి నుండి కోడలికి, తల్లి నుండి కూతురికి వచ్చే వస్తువు. కనుక దోషం లేదని చెప్పినంత మాత్రాన ప్రశ్న తీరదు, వివేకం ఇక్కడి నుండే మొదలవుతుంది.

శిల్పి విద్యను తక్కువగా ఎంచరాదు. కొండపల్లిలో ఆర్యక్షత్రియులు తెల్లపొణికి కర్రను నెమ్మదిగా కాచి తేమ తీసి, చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అవయవాలను అతికి, సుద్దపూత ఆరిన తరువాత రంగులు వేస్తారు. చేర్యాల నకాషీ చిత్రకారులు ఆ చింతగింజల పిండి, పొట్టులతోనే ముఖాలు మలుస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర తిరుగుతూ ఉండగానే లక్కరంగు పట్టిస్తారు, దానిని మనం ఇంట్లో కుంచెతో తిరిగి తేలేము. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం నేత్రాల ఆకృతులను భావాన్ని బట్టి విభజిస్తుంది. యోగికి ధనురాకారమైన కన్ను, ప్రణయిజనానికి మత్స్యోదరం వంటి కన్ను. అనగా కంటి గీత ఒక యవ ప్రమాణం మారితే భావం మారిపోతుంది. కోల్‌కతాలోని కుమార్‌టులీలో దుర్గామాత మట్టిప్రతిమకు మహాలయం నాడు నేత్రాలు దిద్దడాన్ని ఒక వ్రతంగా ఆచరించే శిల్పులున్నారు. అది కూలిపని అనదగినది కాదు.

అయితే ఎవరికి వారు దిద్దడంలో ఉన్న ఫలం వేరు. ఇది అర్చకునిగా నాకు స్వానుభవం. నవరాత్రులలో అమ్మవారి శిలాముఖం మీద పసుపు, చందనం అద్ది నేత్రాలు దిద్దే సేవ నాది. వేదపాఠశాలలో స్వరం నేర్పిన గురువుగారే అలంకారమూ నేర్పారు. చందనం పలుచనైతే ఆరినప్పుడు బీటలు వారుతుంది. ముందు నాసిక రేఖ నిలపాలి, తరువాత కనుబొమలు, చివరకు కనుపాపలు. ఒక కనుపాప దిద్ది లేచిపోరాదు, రెండూ ఒకే ఆసనం మీద పూర్తి కావాలి. భక్తుడు క్రింద నిలుస్తాడు గనుక చూపు కొంచెం దిగువకు వాలాలి. ఇప్పుడు చాలా ఆలయాల కమిటీలవారు అలంకార నిపుణులను పిలిపిస్తున్నారు. వారి పనితనం నాకన్న మిన్న, చూసి నేర్చుకున్నది కూడా ఉన్నది. అయినా ఆ సేవను నేను విడువలేదు. అమ్మవారి ముఖానికి జానెడు దూరంలో, ఊపిరి బిగబట్టి గడిపే ఆ అరగంటలో కుదిరే ఏకాగ్రత నాకు జపంలో అంత సులభంగా కుదరదు. దిద్దేవాడు చూడక తప్పదు. ఆ చూడటమే ఉపాసన.

మరి ఇతరుల చేత చేయిస్తే ఈ ఫలం పోయినట్లేనా? దీనికి యజ్ఞశాలలో సమాధానం ఉన్నది. యజమాని ఋత్విజులను వరించి, దక్షిణ ఇచ్చి కర్మ చేయిస్తాడు. ఫలం యజమానిదే. పరహస్తం వలన కర్మకు లోపం లేదు. కాని కొన్ని అంగాలను మాత్రం ఎవరికీ అప్పగించడానికి వీలు లేదు. సంకల్పం తానే చేయాలి. ఆహుతి పడిన వేళ ఇది నాది కాదనే త్యాగం తానే చెప్పాలి. దర్శపూర్ణమాసాలలో మరొక సూక్ష్మం ఉన్నది. హోమానికి సిద్ధమైన ఆజ్యాన్ని యజమాని పత్ని స్వయంగా వీక్షించాలి. నేతిని కరిగించేవారు వేరు, హోమం చేసేవారు వేరు. ఇంటి ఇల్లాలి చూపు పడిన తరువాతనే ఆ నెయ్యి యోగ్యమవుతుంది. బొమ్మ విషయంలోనూ ఇదే న్యాయం. చేయించడం లోపం కాదు, చూడకపోవడం లోపం.

కొన్నేళ్ళ క్రిందట చైతన్యపురిలో ఒక గృహంలో ఈ మాట నాకు ప్రత్యక్షమైంది. ఆ ఇంటి పెద్దావిడ వివాహమప్పుడు పుట్టింటి నుండి తెచ్చుకున్న కొండపల్లి దశావతారాలు పాతబడినాయి. కుమారుడు మాతృభక్తితోనే అన్నింటికీ కొత్త రంగులు వేయించాలని ఒక చిత్రకారునితో మాట్లాడినాడు. అతడు మాదిరిగా పంపిన ఫొటోను ఫోనులో నాకు చూపి, "స్వామీ, మంచిరోజు చెప్పండి" అన్నాడు. విశాలమైన కళ్ళు, గులాబి పెదవులతో చాలా అందంగా ఉన్నది. ఆవిడ మాత్రం మాట్లాడలేదు. "అమ్మా, మీ అభిప్రాయం?" అని అడిగాను. రామావతారం బొమ్మను చేతిలోకి తీసుకొని, "పంతులుగారూ, ఈ ఎడమ కనుబొమ మా అమ్మ కాటుకతో దిద్దింది. ఆ ఏడే పోయింది. ఇది తప్ప ఆమె చేతి గీత నా దగ్గర ఇంకొకటి లేదు" అన్నది. పక్కన కూర్చున్న కుమారునికి ఆ సంగతి అప్పటివరకు తెలియదు. కర్ర బయటపడిన మూడు బొమ్మలను మాత్రం చిత్రకారునికి ఇచ్చారు. తక్కినవి పొడి గుడ్డతో తుడిచి అలాగే మెట్ల మీద పెట్టారు. ఆ రెండు కనుబొమలూ సమంగా లేవు. అయినా నాకు ఆ కొలువులో ముందుగా కనిపించేది ఆ రామయ్యే.

జపాను దేశంలో దరుమ అనే బొమ్మలున్నాయి. అవి దక్షిణ భారతం నుండి వెళ్ళినట్లు ప్రసిద్ధుడైన బోధిధర్ముని రూపాలు. శిల్పి ముఖమంతా చిత్రించి కన్నుల స్థానాన్ని మాత్రం తెల్లగా విడిచిపెడతాడు. కొన్నవాడు సంకల్పం చెప్పుకొని ఒక కనుపాప దిద్దుకుంటాడు, అది నెరవేరిన నాడు రెండవది దిద్దుతాడు. శిల్పి విద్యకూ గృహస్థు సంకల్పానికీ ఎంత చక్కని పొత్తు కుదిరింది! మన యజ్ఞన్యాయమే అక్కడ మరొక రూపంలో కనిపిస్తుంది.

కనుక అడిగినవారికి నేను చెప్పేది ఇది. ఏటేటా చేర్చే కొత్త బొమ్మను శిల్పి వద్దనే కొనండి. ఆ ముఖం అతనిది, దానిని మార్చకండి. మంటపానికి, దీపాలకు వేలు వెచ్చించి బొమ్మ దగ్గర వంద రూపాయలకు బేరమాడటం ధర్మం కాదు. శిల్పికి ఇచ్చేది దక్షిణతో సమానం. పాత బొమ్మ కర్ర చిట్లినా, సుద్దపూత లేచినా అది తెలిసినవారి పని. వారికి ఇచ్చేటప్పుడు పాత ఫొటో ఉంటే చూపండి, ఆ బొమ్మ ఎవరి ద్వారా వచ్చిందో చెప్పండి, కన్నులు దిద్దే వేళ వీలైతే పక్కన కూర్చోండి. కేవలం గీత చెరిగితే మీరే దిద్దుకోండి. తడిగుడ్డ తగలనీయకండి, సుద్ద కరిగి రంగు లేస్తుంది. సన్నని కుంచెతో, స్నానానంతరం, తొందర లేని వేళ కూర్చోండి. పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని, ఆ బొమ్మ కథ చెబుతూ దిద్దండి. గీత వంకర పోతుందని జంకవద్దు. గుణం తక్కువైనా స్వధర్మమే శ్రేయస్కరమని గీతాచార్యుడు అన్నది ఇటువంటి చోట కూడా వర్తిస్తుందని నా నమ్మకం.

ఇక ఏ గీత ఎవరిదో తెలియని పాత ముఖాన్ని దిద్దే ముందు, ఇంట్లోని పెద్దవారిని ఒక్కసారి అడగండి. వారు ఉన్నప్పుడే అడగండి.

స్వస్తి.