నల్లమల అంచున పాత జీపులు

కర్నూలు నుండి గుంటూరు వైపు పోయే పాత రహదారిలో ఆత్మకూరు దాటితే ఇక అడవే. నల్లరేగడి చేలు వెనుకబడతాయి, గుట్టలు ఎదురవుతాయి. బైర్లూటి, నాగలూటి, రోళ్ళపెంట అనే పేర్లు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. అవన్నీ దాటాక దోర్నాల. రాత్రివేళ ఈ దారిలో వాహనాలను పోనివ్వరు. పొద్దుపోయి వచ్చిన లారీ అయినా, పెళ్ళివారి బస్సు అయినా తెల్లవారేదాకా ఆగవలసిందే. ఎందుకంటే ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. మన దేశంలోని పులుల అభయారణ్యాలలో విస్తీర్ణం రీత్యా ఇదే పెద్దది. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కూలింది ఈ కొండలలోనే. అంతవరకు ఆత్మకూరు పేరు వినని వారు సైతం ఆ రెండు రోజులలో విన్నారు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఈ ఊరు కర్నూలు జిల్లా నుండి నంద్యాల జిల్లాకు మారింది.

షాబాన్ నెలలో మదరసాకు సెలవులు ఇచ్చిన తరువాత, ఒకప్పుడు నా వద్ద చదువుకున్న యువకుని ఆహ్వానంపై మూడు రోజులు అక్కడ ఉన్నాను. ఊరు చూసి రావాలన్నదే ఉద్దేశం. అయితే ఊరిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి అక్కడి జీపులు. ముక్కు ఎత్తైనవి, పొడవైనవి, గుడ్డ కప్పు వేసినవి, కప్పే లేనివి. ముప్పై నలభై ఏళ్ళ వయసున్న బండ్లు ఇంకా బజారులో తిరుగుతున్నాయి. పట్టణాలలో ఇటువంటి వాటిని ధనవంతులు సరదాకు ఉంచుకుంటారు. ఇక్కడ వాటికి వేరే చరిత్ర ఉంది. బస్సు లేని పల్లెలకు మనుషులను, మిరప బస్తాలను, పురిటి నొప్పులు పడే స్త్రీలను చేరవేసినవి ఇవే. ఎనిమిది మంది కూర్చోవలసిన చోట ఇరవై మంది వేలాడుతూ పోవడం రాయలసీమలో పెరిగిన వారెవరికీ కొత్త కాదు. సినిమాలవారు మాత్రం సీమ జీపు అనగానే కత్తులు, నాటు బాంబులు చూపించి దానికి లేనిపోని అపకీర్తి తెచ్చారు. పాపం, ఆ బండి తన జీవితంలో అధికభాగం మోసింది బియ్యపు మూటలనే.

జీపు పుట్టింది యుద్ధం కోసం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యానికి ఎటువంటి నేలమీదనైనా పోగల తేలికపాటి బండి కావలసివచ్చింది. విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి యుద్ధం ముగిసేలోగా 6 లక్షలకు పైగా తయారుచేశాయి. అది మన దేశానికి వచ్చిన కథలో పాఠకులలో చాలామందికి తెలియని ఒక పేరు ఉంది. 1945 అక్టోబరు 2న లూధియానాలో మహీంద్రా సోదరులు జగదీశ్ చంద్ర, కైలాశ్ చంద్ర, వారితోపాటు మలిక్ గులాం ముహమ్మద్ కలిసి ఒక ఉక్కు వ్యాపార సంస్థను స్థాపించారు. దాని పేరు ‘మహీంద్రా అండ్ మొహమ్మద్’. గులాం ముహమ్మద్ అలీగఢ్‌లో చదువుకున్నవారు. దేశవిభజన తరువాత ఆయన పాకిస్తాన్‌కు వెళ్ళి ఆ దేశపు తొలి ఆర్థికమంత్రి అయ్యారు, 1951లో గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. ఇక్కడ మిగిలిన సంస్థ 1948లో ‘మహీంద్రా అండ్ మహీంద్రా’గా పేరు మార్చుకుంది. పేరులోని పొట్టి అక్షరం ‘ఎం’ రెండుసార్లు అలాగే నిలిచింది గనుక ముద్ర మార్చే పని కూడా పడలేదు! 1947 నుండి ఆ సంస్థ విల్లీస్ జీపులను మన రోడ్లమీదికి తెచ్చింది. తరువాత ఇక్కడే తయారుచేయసాగింది. ఆత్మకూరులో నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం 1980లలోను, 90లలోను వచ్చిన డీజిల్ బండ్లు. వాటిలో ఉన్నది ఫ్రెంచి కంపెనీ ప్యూజో నమూనా ఇంజన్.

ఊరి చివర ఒక రేకుల షెడ్డులో వీటికి వైద్యం జరుగుతుంది. ఆ మెకానిక్‌కు అరవై దాటి ఉంటాయి. అందరూ ఆయనను ‘ఉస్తాద్’ అంటారు. నా శిష్యుడు నన్నూ అలాగే పిలుస్తాడు గనుక, ఆ షెడ్డులో ‘ఉస్తాద్’ అని వినబడిన ప్రతిసారీ ఇద్దరం తలలు తిప్పాము. రెండోనాటికి కుర్రవాళ్ళే తేడా కనిపెట్టి నన్ను ‘హజ్రత్’ అనసాగారు.

ఆయన పని చూడడం నాకు ఒక పాఠం వినడంలా ఉంది. బండి లోపలికి రాగానే బానెట్ తెరవడు. ఇంజన్ నడుస్తుండగా పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి తగిలించి, కళ్ళు మూసుకుని వింటాడు. ఏ బేరింగు అరిగిందో, ఏ నాజిల్ సరిగా చిమ్మడం లేదో ఆ మూలుగులోనే తెలుస్తుందట. చలికాలపు తెల్లవారుజామున డీజిల్ బండి స్టార్టు కాకపోతే తోయించడం మాని, ముందు హీటర్ ప్లగ్గులు చూడమంటాడు. కమాను పట్టీల నడుమ మట్టి చేరి తుప్పుపట్టితే బండి ఎగిరెగిరి పడుతుంది. వాటిని విప్పి, కడిగి, గ్రీజు పట్టించి మళ్ళీ కట్టాలి. “కంపెనీ సామాను దొరకదు హజ్రత్, దొరికినది నకిలీ. అందుకే పాతదాన్నే బాగుచేసుకుంటాము” అన్నాడు. దొరకని భాగాన్ని లేత్ మిషన్ మీద కోయిస్తాడు. మరీ అవసరమైతే విజయవాడ ఆటోనగర్‌కు మనిషిని పంపుతాడు. జుహర్ వేళకు చేతుల గ్రీజు కిరోసిన్‌తో కడిగి, తరువాత సబ్బుతో కడిగి, గోళ్ళ సందులు పుల్లతో శుభ్రం చేసుకుని వుజూ చేశాడు. చర్మానికి నీరు తగలనీయని పొర మిగిలితే వుజూ చెల్లదన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

బండిని మార్చుకోవడంలో యజమానులకున్న ఉత్సాహం వేరు. పెద్ద టైర్లు, ఇనుప బంపరు, వరుసగా లైట్లు, ప్రక్క సీట్లు. హర్యానాలోని మండీ డబ్వాలీలో ఇలా జీపులను తీర్చిదిద్దడమే ఒక పెద్ద వ్యాపారమని చాలామంది విన్నారు, అక్కడి ఫోటోలు ఫోన్లలో దాచుకున్నారు. చట్టం మాత్రం ఇందుకు అంత సుముఖంగా లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్ణయించిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్నే మరల స్పష్టం చేసింది. ఇంజన్ మార్చాలంటే ముందుగా అనుమతి కావాలి. రంగు విషయంలో మరొక నిబంధన ఉంది, అది కుర్రవాళ్ళకు అసలు నచ్చదు: సైనికుల బండ్లకు వేసే ఆలివ్ ఆకుపచ్చ రంగును పౌరుల బండ్లకు వేయరాదు. జీపు అనగానే ప్రతివాడికీ మనసులో మెదిలే రంగు అదే కదా!

రెండోనాడు అస్ర్ తరువాత నా శిష్యుడు, అతని తమ్ముడు తమ తండ్రిగారి జీపులో నన్ను ఊరి బయటకు తీసుకుపోయారు. అడవిలోకి కాదు. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి బండి తోలడం నేరం, అందులో వారికి ఏ సందేహమూ లేదు. చేలగట్ల వెంట దిగి, భవనాశి ఇసుకలోకి వెళ్ళాము. ఇసుక రాగానే తమ్ముడు దిగి టైర్లలో గాలి కొంత తీశాడు. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరచుకుంటుంది, దిగబడదు. ముందు చక్రాల నడుమనున్న మరలను చేత్తో తిప్పాడు. ఎక్కి, గేరు కర్ర ప్రక్కనున్న చిన్న కర్రను లాగాడు. అంతవరకు వెనుక చక్రాలే తోస్తున్నాయి, ఇప్పుడు ముందు చక్రాలు కూడా లాగుతున్నాయి. ఇంజన్ పెద్దగా రొద చేస్తున్నా బండి మాత్రం నడిచే మనిషంత నెమ్మదిగా ఇసుక దాటి, మోకాటిలోతు నీటిలోకి దిగి, అవతలి గట్టు ఎక్కింది. డీజిల్ ఇంజన్‌కు పెట్రోలు బండిలా నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు ఉండవు గనుక నీటికి అంత భయపడదట, గాలి పీల్చే గొట్టంలోకి నీరు పోకుంటే చాలు. వారి నవ్వులు చూస్తే ఆ ఇద్దరూ ముప్పై దాటిన సంసారులంటే ఎవరూ నమ్మరు. గట్టుమీద నేను కూడా నవ్వాను. పొగ మాత్రం చాలా వచ్చిందని చెప్పక తప్పదు, మా వెనుక నడుస్తున్న గొర్రెల కాపరి తువ్వాలు ముక్కుకు కట్టుకున్నాడు.

మగ్రిబ్ తరువాత ఇంటి వరండాలో అసలు విషయం బయటపడింది. తండ్రిగారు పోయి నాలుగేళ్ళయింది. బండి నేటికీ ఆయన పేరిటే ఉంది. రిజిస్ట్రేషన్ గడువు ముగియవచ్చింది. పదిహేనేళ్ళు దాటిన కార్లకు, జీపులకు పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి 600 రూపాయల నుండి 5,000కు పెరిగింది. ఇరవై ఏళ్ళు దాటిన వాటికి 2025లో 10,000 చేశారు. అది కట్టడానికి వారు సిద్ధమే. అయితే యజమాని మరణిస్తే మూడు నెలలలోగా వారసుల పేరిట మార్పించుకోవాలన్నది చట్టం. ఆ పని ఎవరూ చేయలేదు. ఇప్పుడు వారసులందరి సమ్మతి కావాలి. “మా చెల్లెలి సంతకం ఒక్కటే మిగిలింది ఉస్తాద్. మీరు ఒక మాట చెబితే పెట్టేస్తుంది” అని ఒక కాగితం నా ముందుంచారు. ‘నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు’ అని అందులో వ్రాసి ఉంది.

ఇల్లు, పొలం షరీఅత్ ప్రకారమే పంచుకున్నామన్నారు. అది నిజమే. జీపు మాత్రం ఎవరి లెక్కలోనూ పడలేదు. అది ‘అబ్బా బండి’, ‘పాత ఇనుము’. మృతుడు విడిచిన ఆస్తిలో గుండుసూది అయినా వారసత్వమేనని మదరసాలో నాలుగో ఏడు చదివే పిల్లవాడికి తెలుసు, నా శిష్యుడికీ తెలుసు. అతడు తలవంచుకున్నాడు.

వెల ఎంత? ఇక్కడే చిక్కు. తుక్కుగా తూకం వేస్తే నలభై వేలకు మించదని తమ్ముడు అన్నాడు. మరునాడు షెడ్డులో ఆ పెద్దాయనను అడిగాను. బెంగళూరు నుండి వచ్చినవారు ఈ బండికే రెండు లక్షలు ఇస్తామన్నారనీ, అన్నదమ్ములే ఒప్పుకోలేదనీ ఆయన ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు. అమ్మననే బండికి ఒక వెల, చెల్లెలికి చెప్పేటప్పుడు మరొక వెల ఉండదు కదా. అయితే తండ్రి పోయిన తరువాత టైర్లకు, కప్పుకు, ఇంజన్ పనికి అన్నదమ్ములు పెట్టిన ఖర్చు నలభై వేలు ఉంది. ఉమ్మడి వస్తువుపై తోటి వాటాదారులను అడగకుండా పెట్టిన ఖర్చును తిరిగి అడగరాదన్నది మన హనఫీ ఫిఖ్‌లో ప్రసిద్ధమైన మాట. వారు అడగలేదు. ఆ సంగతి చెప్పగా వెలుగోడు నుండి వచ్చిన చెల్లెలే, “వాళ్ళు చేయించకపోతే అది ఈపాటికి తుక్కే, తీసేయండి” అన్నది. తల్లి కూడా సరేనన్నది. మిగిలినది 1,60,000. తల్లికి ఎనిమిదో వంతు 20,000. తక్కినదానిని ఐదు భాగాలు చేసి కుమారులకు రెండేసి, కుమార్తెకు ఒకటి: అన్నదమ్ములకు 56,000 చొప్పున, చెల్లెలికి 28,000.

“వద్దనమని చెబుతుందిలే” అని తమ్ముడు మెల్లగా అన్నాడు. మన ఇళ్ళలో ఆడపిల్లలు వాటా వదులుకుంటున్నామని అనడం, అన్నలు సంతోషించడం ఆచారంగా మారిపోయింది. పుట్టింటి గడప మూసుకుపోతుందేమో అన్న భయంతో పలికిన మాటను ఇష్టపూర్వకమైన దానంగా నేను ఎంచను. ముందు డబ్బు ఆమె చేతిలో పెట్టండి, ఆ తరువాత ఆమె ఏమి చేసుకున్నా ఆమె ఇష్టం అన్నాను. పెద్దవాడు ఆ సాయంత్రమే తెచ్చి ఇచ్చాడు. ఆమె రెండుసార్లు లెక్కపెట్టి, కొంగున ముడివేసి, కాగితంపై సంతకం చేసింది. తిరిగి ఇవ్వలేదు. కుట్టుమిషన్‌కు మోటారు బిగించుకుంటానన్నది. “పండుగకు మాత్రం నన్ను తీసుకుపోవడానికి ఈ జీపే రావాలి, బస్సెక్కను” అని అన్నకు చెప్పి వెళ్ళింది.

మూడోనాడు ఉదయం నేను బయలుదేరేసరికి మరొక తగవు నడుస్తోంది. తండ్రిగారు ఎంతో ముచ్చటపడి వేయించిన ఆ రంగు సైన్యపు ఆకుపచ్చే. తనిఖీకి తీసుకుపోయేలోగా మార్చక తప్పదు. తమ్ముడు నలుపు అంటాడు, అన్న ఇసుక రంగు అంటాడు. నాదీ ఎనిమిదో వంతు ఉంది కదా అని తల్లి లోపలి నుండి తెలుపు అన్నది. టింకరింగ్ కుర్రవాడు మూడు రంగుల డబ్బాల ధరలూ వ్రాసుకుని వరండాలో కూర్చుని ఉన్నాడు.